56 ఏపీఓ

మా ఇంట్లో మంచం కింద ఒక నల్ల ట్రంకు పెట్టె ఉండేది. మూత మీద తెల్ల పెయింటుతో నాన్న పేరు, ఆర్మీ నంబరు, ఆ కింద ఆయన రెజిమెంటు పేరు 16 కేవల్రీ అని ఇంగ్లీషు అక్షరాలు. మూత ఎత్తితే గుప్పున కలరా ఉండల వాసన. అడుగున గరుగ్గా ఉండే ఉన్ని దుప్పటి, దాని మీద నల్ల బెరెట్ టోపీ, గుడ్డ సంచిలో మెడల్స్. ఏడాదికోసారి సంక్రాంతి ముందు అమ్మ అన్నీ తీసి ఎండలో వేసేది. అప్పుడు మాత్రం ఆ టోపీ పెట్టుకోనిచ్చేది నన్ను.

తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు మాది. దగ్గర్లోనే మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి మనుషులు వెళ్ళారు. అక్కడి స్నేహితులతో కలిసి 1961లో, పద్దెనిమిదేళ్ళకి, నాన్న పట్టాళంలో చేరాడు. ఎత్తు చూసి, చదువు చూసి ట్యాంకుల్లోకి తీసుకున్నారట. పదిహేనేళ్ళు చేసి దఫాదారుగా, అంటే హవల్దారు హోదాలో, బయటికొచ్చాడు. ఊళ్ళో ఆయన్ని మిలిటరీ గారూ అనే పిలిచేవాళ్ళు. యుద్ధం కబుర్లు చెప్పమని కుర్రాళ్ళు చుట్టూ మూగితే, "ఏముందిరా, బండి తోలాను" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క వచ్చేది కాదు.

అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు గుండ్రంగా, చక్కగా రాస్తుంది గానీ ఇంగ్లీషు రాదు. అందుకని నాన్న సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు పోస్టాఫీసు నుంచి ఓ డజను ఇన్లాండ్ కవర్లు తెచ్చి, అరుగు మీద కూర్చుని అన్నిటి మీదా అడ్రసు రాసిపెట్టి వెళ్ళేవాడట. నంబరు, పేరు, 16 కేవల్రీ, కేరాఫ్ 56 ఏపీఓ. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. అమ్మ చేయాల్సిందల్లా లోపల రాసి, అంటించి, డబ్బాలో వేయడమే. డజను అయిపోయేలోపు మళ్ళీ సెలవు రావాలని మొక్కుకునేదాన్ని అని చెప్పేది.

1999 డిసెంబరు. మేం పూణేలో ఉన్నాం. మా ఆయన ఉద్యోగం అక్కడ. అమ్మానాన్నలు షిర్డీ దర్శనానికని వచ్చారు. ఆ ఎండాకాలమంతా కార్గిల్ వార్తలతో గడిచింది. ఊళ్ళో నాన్న టీవీ ముందు నుంచి లేచేవాడు కాదని, అన్నం కంచం కూడా అక్కడికే తెచ్చిమ్మనేవాడని అమ్మ వచ్చీ రాగానే చెప్పింది. షిర్డీకి సుమో మాట్లాడాం. బయల్దేరే ముందు రోజు రాత్రి నాన్న అల్లుణ్ణి అడిగాడు: "నగర్ మీదుగానే కదండీ వెళ్ళేది?"

నగర్ అంటే అహ్మద్‌నగర్. ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. ట్యాంకు సిపాయిలందరికీ అది అమ్మగారి ఊరు లాంటిది. ఆర్మర్డ్ కోర్ సెంటర్ అక్కడే, బండి నేర్పేదీ తుపాకీ నేర్పేదీ అక్కడే. నాన్న కూడా అక్కడే నేర్చుకున్నాడు. పూణే నుంచి నూట ఇరవై కిలోమీటర్లు. ఆ ఊరికి మన వాళ్ళతో ఇంకో సంబంధం కూడా ఉంది. 1942 ఆగస్టులో నెహ్రూనీ మిగతా కాంగ్రెస్ పెద్దల్నీ పట్టుకెళ్ళి పెట్టిన జైలు అహ్మద్‌నగర్ కోట. మన పట్టాభి సీతారామయ్య గారూ వాళ్ళతో పాటు ఆ గోడల మధ్యే ఉన్నారు. ఆంధ్రా బ్యాంకు పెట్టిన మనిషి ఆ కోటలో ఏళ్ళ తరబడి ఉన్నాడంటే, పక్కనుంచి వెళ్ళేటప్పుడు నాకు ఎప్పుడూ ఒకసారి తల తిప్పి చూడాలనిపిస్తుంది.

ఊళ్ళోకి వచ్చాక ట్యాంకుల మ్యూజియం ఎక్కడని అడిగితే ఎవరికీ అర్థం కాలేదు. ఒక ఆటో అతను "రణగాడా?" అన్నాడు. మరాఠీలో ట్యాంకుని రణగాడా అంటారు. ఎంత చక్కటి మాట! మనకీ రణం ఉంది, గాడా అంటే బండి. మనం మాత్రం ట్యాంకు దగ్గరే ఆగిపోయాం.

ఆ మ్యూజియం 1994 ఫిబ్రవరిలో మొదలైంది. అప్పటి సైన్యాధిపతి జనరల్ బి.సి. జోషి ప్రారంభించారు. ఆయన కూడా ట్యాంకుల్లోంచి వచ్చిన వాడే. లోపలికి అడుగు పెట్టగానే పచ్చిక, చెట్లు, వాటి మధ్య ఇనుప జంతువుల్లాగా పడుకుని ఉన్న ట్యాంకులు. యాభై దాకా ఉంటాయి. ఉదయం పది గంటల ఎండ, డిసెంబరు చలి ఇంకా పోలేదు. మా ఐదేళ్ళ బాబు చెయ్యి విడిపించుకుని పరుగెత్తాడు. నాన్న గేటు దగ్గరే ఆగి ఒకసారి అన్ని వైపులా చూశాడు. ఎక్కడో ఒక చోట ఆయన చూపు నిలిచింది. నిలిచి, వెంటనే పక్కకి తిప్పేసుకుని, "రారా మనవడా, ఇటు నుంచి మొదలెడదాం" అని సరిగ్గా అటువైపు కాకుండా ఇంకో వైపు నడిచాడు. అది నేను గమనించాను.

అన్నిటికన్నా పాతది ఒక రోల్స్ రాయిస్ కారు. సిల్వర్ ఘోస్ట్ ఛాసిస్ మీద ఉక్కు రేకులు కట్టి, పైన తిరిగే గుండ్రటి తుపాకీ గది పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆలోచన. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే హైదరాబాదులో చౌమహల్లా పాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపు పచ్చ కారు గుర్తొస్తుంది. 1912 నాటి అదీ సిల్వర్ ఘోస్టే. ఒకే కంపెనీ, ఒకే మోడలు. ఒకదాని మీద సింహాసనం లాంటి సీటు, ఇంకో దాని మీద మెషిన్ గన్ను.

పక్కనే మటిల్డా, వాలంటైన్, చర్చిల్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళవి. చర్చిల్ ముందు నిలబడితే ముందు వైపు ఉక్కు ఆరంగుళాల మందం. కాస్త అవతల జపాన్ వాళ్ళ హా-గో. అది చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఏడున్నర టన్నుల లోపు బరువు, లోపల ముగ్గురు. ఉక్కు మందం అర అంగుళం కూడా లేదు. నాన్న వేలితో దాని పక్క రేకు మీద కొట్టి చూపించాడు. తర్వాత చర్చిల్ మీద కొట్టాడు. మొదటిది బిందె మీద కొట్టినట్టు మోగింది. రెండోది అసలు మోగనే లేదు, బండరాయి మీద కొట్టినట్టే. "ఈ రేకు డబ్బాలో కూర్చుని బర్మా అడవుల దాకా వచ్చారు పాపం" అన్నాడు. శత్రువు ట్యాంకు గురించి పాపం అన్న మాట ఆయన నోటి వెంట వినడం నాకు కొత్త.

స్టూవర్ట్ అనే చిన్న అమెరికన్ ట్యాంకు దగ్గర మా ఆయన ఆగిపోయారు. వాళ్ళది జహీరాబాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యప్పుడు షోలాపూర్ నుంచి నల్‌దుర్గ్, హుమ్నాబాద్ మీదుగా వచ్చిన సైన్యం వాళ్ళ ఊరి మీదుగానే హైదరాబాదు వెళ్ళింది. స్టూవర్ట్‌లూ షెర్మన్‌లూ ఆ వరసలో ఉన్నాయి. వాళ్ళ నాయనమ్మ అప్పటికి కొత్త కోడలు. "భూమంత అదిరింది బిడ్డా, గోడకున్న గిన్నెలు కింద పడ్డయ్" అని చెప్పేదట. ఏం బండ్లో, ఎవరివో ఆమెకి తెలియదు. తలుపు సందులోంచి చూసిందట. మా ఆయన ఆ స్టూవర్ట్ చుట్టూ రెండు సార్లు తిరిగి, "ఇదేనేమో మా నాయనమ్మ చూసింది" అన్నారు.

అప్పుడు నాన్న ఒక సంగతి చెప్పాడు. ఆ సైన్యాన్ని నడిపించిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి అంతకు ముందు బర్మా యుద్ధంలో మా నాన్న రెజిమెంటుకే కమాండింగ్ ఆఫీసరు. నాన్న 1965లో యుద్ధానికి వెళ్ళేటప్పటికి మొత్తం సైన్యానికే అధిపతి ఆయన. "మా ఇంటి పెద్ద" అన్నాడు నాన్న. 16 కేవల్రీ పుట్టింది 1776లో, ఆర్కాటు నవాబు కొలువులో. తర్వాత మద్రాసు గుర్రపు దళమైంది. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చాయి. నాన్న చేరేనాటికి అది మన దక్షిణాది వాళ్ళ రెజిమెంటు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం అన్నీ ఒకే ట్యాంకులో. వైర్‌లెస్‌లో మాత్రం హిందుస్తానీ.

ప్యాటన్ దగ్గర జనం ఎక్కువ ఉన్నారు. స్కూలు పిల్లలు వరసగా నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. పాకిస్తాన్‌కి అమెరికా ఇచ్చిన ట్యాంకు అది. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు, పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే ఊళ్ళో ఆ ప్యాటన్లు మనవాళ్ళు పన్నిన వలలోకి వచ్చాయి. చెరుకు తోటల్లో మన ట్యాంకులు గుర్రపు నాడా ఆకారంలో కాచుకున్నాయి. కాలవ గట్లు తెంపి పొలాల్లోకి నీళ్ళు వదిలారు. ఆ బురదలో నలభై టన్నుల పైబడిన బండి దిగబడితే ఇక అంతే. జీపు మీద తుపాకీ పెట్టుకుని వీర్ అబ్దుల్ హమీద్ ట్యాంకుల్ని కొట్టి ప్రాణాలిచ్చిందీ అక్కడే. పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు తొంభై ఏడు. పట్టుబడినవాటిని తెచ్చి నిలబెట్టిన చోటికి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది.

అక్కడ పాత షెర్మన్‌లతో పోరాడిన రెజిమెంటు డెక్కన్ హార్స్. నిజాం కాలంలో హైదరాబాదులో పుట్టిన గుర్రపు దళం అది. నాన్న రెజిమెంటు మాత్రం అక్కడ లేదు, ఇంకా పైన సియాల్‌కోట్ వైపు. ఫిల్లోరా, చవిండా, గడ్గోర్. అక్కడే మరో ట్యాంకు రెజిమెంటు పూనా హార్స్‌ని నడిపిస్తూ సెప్టెంబరు 16న చనిపోయారు కల్నల్ తారాపూర్. పరమవీర చక్ర వచ్చింది. ఆయన మొదట హైదరాబాదు సంస్థానం సైన్యంలో పదాతి దళ ఆఫీసరు. గ్రెనేడ్ విసరడం నేర్పుతుంటే ఒక కుర్రాడు విసిరిన గ్రెనేడ్ గోడ దాటక లోపలే పడింది. తారాపూర్ దూకి దాన్ని తీసి బయటికి విసిరారు. అది పేలి ఛాతీకి గాయాలయ్యాయి. చూస్తున్న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మెచ్చుకుని ఏం కావాలో అడిగితే, నన్ను కవచ దళంలోకి మార్చండి అన్నారట. అదే ఎల్ ఎద్రూస్ 1948లో చౌధురి గారికి లొంగిపోయాడు. అదే తారాపూర్, చౌధురి గారు సైన్యాధిపతిగా ఉండగా, భారతదేశం కోసం ప్రాణమిచ్చారు. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. ఆ రోజు నాన్న ప్యాటన్ వైపు చూసి, "చాలా మంచి బండి. మా దాని కంటే చూపు ఎక్కువ. అయినా బండి ఒక్కటే సరిపోదుగా" అని కదిలాడు.

ఇక మిగిలింది ఒక్కటే.

సెంచూరియన్. గేటు దగ్గర ఆయన చూపు నిలిచింది దాని మీదే. దాని ముందుకొచ్చాక మాట్లాడలేదు. కండువా భుజం మీద సర్దుకుని, ఎడం వైపు నుంచి చుట్టూ నడవడం మొదలెట్టాడు. ఒక్కో చక్రం దగ్గరా ఆగి వంగి చూశాడు. పక్కకి ఆరు చక్రాలు. ఒక రాయి తీసుకుని ట్రాక్ పిన్నుల మీద మెల్లగా కొట్టి చెవి పెట్టి విన్నాడు. ట్రాక్ మీద పాదం ఆనించి నొక్కి చూశాడు. పొద్దున్నే పశువుల పాక చుట్టూ తిరిగే రైతుని చూసినట్టుంది నాకు. మొత్తం చుట్టి వచ్చి, ముందు భాగంలో కుడి వైపు ఆగి, అక్కడ చెయ్యి పెట్టాడు.

"నేను ఇక్కడ" అన్నాడు.

డ్రైవరు సీటు అక్కడే. పైన రెండు రెక్కల మూత. తెరిచి ఉంటే తల బయట పెట్టి తోలొచ్చు. కాల్పులు మొదలైతే మూత దించేయాలి, ఇక రెండు పెరిస్కోపుల్లోంచి కనిపించేదే లోకం. చేతికి రెండు కడ్డీలు. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి. గేరు మార్చాలంటే క్లచ్ రెండు సార్లు తొక్కాలి. యాభై టన్నుల బండి క్లచ్ ఎలా ఉంటుంది? నాన్న ఎడం మోకాలు చలికాలం వచ్చిందంటే పట్టేసేది. అమ్మ రోజూ రాత్రి ఆవనూనె కాచి రాసేది. ఆ మోకాలు ఎందుకు పట్టేస్తుందో నాకు ఇరవై ఎనిమిదేళ్ళకి, అక్కడ నిలబడితే తెలిసింది.

వెనక ఇంజను రోల్స్ రాయిస్ మీటియర్. విమానం ఇంజను నుంచి చేసింది, ఆరు వందల యాభై గుర్రాల బలం. పెట్రోలు మైలుకి దగ్గర దగ్గర రెండు గ్యాలన్లు తాగేది. మధ్యలో టరెట్లో, అంటే పైన తిరిగే తుపాకీ గదిలో, ముగ్గురు. కమాండరు, గన్నరు, లోడరు. "నలుగురికీ ఒకే ఇల్లు" అన్నాడు నాన్న. పక్కల మీద ఉన్న ఇనుప పెట్టెలు చూపించాడు. "ఇందులో పక్క బట్టలు. ఇందులో బియ్యం, పప్పు, పొయ్యి. ఇది మా అటక. వానొస్తే టార్పాలిన్ ఈ పక్కకి కట్టి దాని కింద పడుకునేవాళ్ళం. ఇంజను ఆపాక కూడా రెండు గంటలు వెచ్చగా ఉండేది."

బాబు అడిగాడు. "తాతయ్యా, లోడర్ తాతయ్య ఎక్కడున్నాడు?"

"సేలం కుర్రాడురా. నాకంటే చిన్నవాడు. నాకు తమిళం నేర్పాడు." కాసేపు ఆగాడు. "గడ్గోర్ దగ్గర ఉండిపోయాడు."

బాబుకి అర్థం కాలేదు. మా ఆయన వాణ్ణి ఎత్తుకుని వేరే ట్యాంకు చూపిస్తానని తీసుకెళ్ళారు.

అమ్మ అంత వరకూ వెనక నిలబడి ఉంది. పొద్దున్నుంచీ దర్శనానికి ఆలస్యమవుతుందని తొందర పెడుతున్న మనిషి. ఆ మాట మర్చిపోయినట్టుంది. ముందుకొచ్చి కొంగుతో ఆ ఇనుప పెట్టె మీద దుమ్ము తుడిచింది. ఎవరింటికో వెళ్ళి గడపలో నిలబడ్డట్టు నిలబడింది.

"ఏవండీ, నా ఉత్తరాలు ఎక్కడ పెట్టుకునేవారు?"

నాన్న డ్రైవరు సీటుండే చోట ఇనుము మీద చెయ్యి కాస్త ఎడమకి జరిపాడు. "ఇక్కడ, లోపల. నా ఎడం పక్కన ఫిరంగి గుళ్ళు పేర్చే అర. దాని సందులో."

"అన్నీనా?"

"ఉన్నంత కాలం. డెబ్భై ఒకటిలో బోర్డరు దాటే ముందు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ కాల్చేయమని ఆర్డరు. పట్టుబడితే పక్కవాళ్ళకి దొరకకూడదని. అన్నీ కాల్చేశాను." నా వైపు చూశాడు. "ఒక్కటి కాల్చలేదు. అమ్మాయి పాకుతోంది, గడప దాకా వచ్చి ఆగిపోతోంది అని రాశావు. అది మాత్రం ఉంచుకున్నా. బసంతర్ నది దాటేటప్పుడు తడిసిపోయింది. అక్షరాలు పోయాయి."

నేను 1971 మార్చిలో పుట్టాను. డిసెంబరులో బసంతర్. ఆ నది దగ్గరే పూనా హార్స్‌లో అరుణ్ ఖేతర్‌పాల్ ఇరవై ఒక్కేళ్ళకి సెంచూరియన్‌లోనే ప్రాణాలు వదిలాడు. నేను పాకుతున్న సంగతి అదే యుద్ధంలో ఇంకో సెంచూరియన్‌లో, గుళ్ళ పక్కన, ఒక ఇన్లాండ్ కవరులో ఉంది. ఇది ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడు పడదు.

అమ్మ నాన్న చెయ్యి పెట్టిన చోటే తన అరచెయ్యి ఆనించింది. చలికి ఇనుము జిల్లుమంటోంది. చెయ్యి తీయలేదు.

"56 ఏపీఓ అంటే పంజాబు వైపు ఏదో ఊరనుకున్నానండీ ఇన్నేళ్ళూ" అంది. "పెద్ద ఊరనుకున్నా. బజారు, గుడి అన్నీ ఉంటాయనుకున్నా. మీరు అక్కడ ఒక గదిలో ఉంటారనుకునేదాన్ని."

"గదేగా" అన్నాడు నాన్న.

షిర్డీ చేరేసరికి సాయంత్రం హారతి టైమైంది. దారి పొడుగునా ఇద్దరూ వెనక సీట్లో కూర్చుని ఏవో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంజను చప్పుడుకి నాకు వినపడలేదు. వినాలని కూడా అనుకోలేదు.

నాన్న 2011లో పోయాడు. పదకొండో రోజు అయ్యాక ట్రంకు పెట్టె తీశాం. దుప్పటి, టోపీ, మెడల్స్. దుప్పటి మడతలో నాన్న రాసిన ఉత్తరాల కట్ట, పసుపు రంగు తిరిగిన దారంతో కట్టి ఉంది. అమ్మ రాసినవి ఒక్కటీ లేవు, ఉండవు కూడా. కట్ట అడుగున వాడని ఇన్లాండ్ కవరు ఒకటి దొరికింది. పైన నాన్న చేతిరాతలో నంబరు, పేరు, 16 కేవల్రీ, కేరాఫ్ 56 ఏపీఓ. ఆఖరి డజనులో మిగిలిపోయినది. అది రాసే అవసరం రాకముందే 1976లో ఆయన ఇంటికొచ్చేశాడు.

విప్పి చూశాం. లోపల తెల్లగా ఉంది. అమ్మ దాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచి, టోపీ కింద పెట్టి, మూత వేసింది.